పెద్దలలో సైకెడెలిక్ మత్తుమందుల వాడకం: నెమలి, తెలుగు రాష్ట్రాలు

ఎల్‌ఎస్‌డి, సిలోసైబిన్ పుట్టగొడుగుల వంటి సైకెడెలిక్ మత్తుమందులను పెద్దవాళ్లలో ఎందరు వాడుతున్నారన్న ప్రశ్నకు మన దేశంలో జవాబు వెతికేవాళ్లంతా చివరికి ఒకే నివేదిక దగ్గరికి చేరతారు. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వశాఖ కోరగా ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం దేశమంతటా సర్వే చేసి, 2019 ఫిబ్రవరిలో దాన్ని విడుదల చేసింది. 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో, అంతకుముందు పన్నెండు నెలల్లో భ్రాంతి కలిగించే మందులను ఒక్కసారైనా వాడినవారు 0.12 శాతమని అది తేల్చింది. అంటే పదివేల మందిలో పన్నెండుగురు. దేశం మొత్తానికి లెక్కగడితే పన్నెండు, పదమూడు లక్షల మంది. అదే సర్వేలో మద్యం తాగేవారు 14.6 శాతం, అంటే సుమారు 16 కోట్ల మంది.

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని నెమలి వంటి ఊరికి ఈ 0.12 శాతం ఏ విధంగా వర్తిస్తుంది, ఎక్కడ వర్తించదు అన్నది ఈ వ్యాసానికి ముఖ్యాంశం. సగటు దేశానిది. వాడకం మాత్రం కొన్ని నగరాల్లో, కొన్ని వయసుల్లో, కొన్ని చోట్ల గుమిగూడి ఉంటుంది. ఆ తేడాను మరిచిపోతే భయం అవసరం లేని చోట భయం పుడుతుంది, సాయం అవసరమైన చోటికి సాయం చేరదు.

పేరు, పరిధి

సైకెడెలిక్ అన్న మాటను బ్రిటిష్ మానసిక వైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ 1950ల మధ్యలో కల్పించాడు. ఎల్‌ఎస్‌డిని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో, శాండోజ్ కంపెనీ ప్రయోగశాలలో ఆల్బర్ట్ హోఫ్‌మన్ 1938లో తయారుచేశాడు. దాని ప్రభావం మాత్రం 1943 ఏప్రిల్‌లో స్వయంగా మింగి చూసినప్పుడే ఆయనకు పూర్తిగా తెలిసింది. మెక్సికో పుట్టగొడుగుల్లోని సిలోసైబిన్‌ను వేరుచేసింది కూడా ఆయన బృందమే, 1958లో. ఈ మందులు మెదడులో సెరొటోనిన్ గ్రాహకాలలో ఒక రకం మీద పనిచేసి చూపు, వినికిడి, కాలస్పృహ, నేను అన్న భావన అన్నింటినీ కొన్ని గంటలపాటు తారుమారు చేస్తాయి. ఎల్‌ఎస్‌డి ప్రభావం ఎనిమిది నుంచి పన్నెండు గంటలు, సిలోసైబిన్‌ది నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. ఎల్‌ఎస్‌డి మోతాదును గ్రాములో పదిలక్షో వంతుల్లో లెక్కిస్తారు. సుమారు 100 మైక్రోగ్రాములు చాలు. అందుకే దాన్ని చిన్న కాగితపు ముక్కలకు అద్ది అమ్ముతారు. మన పోలీసు ప్రకటనల్లో కనిపించే 'ఎల్‌ఎస్‌డి బ్లాట్లు' ఈ ముక్కలే. కొందరు స్టాంపులనీ అంటారు.

ఏ మందును ఏ జాబితాలో వేశారన్న దాన్ని బట్టి శాతాలు మారిపోతాయి. ఎండీఎంఏను అమెరికా సర్వే భ్రాంతి మందులతో కలిపి లెక్కిస్తుంది. భారత సర్వేలో ఆంఫెటమిన్ రకం ఉత్ప్రేరకాలకు వేరే గడి ఉంది, అక్కడ వచ్చిన సంఖ్య 0.18 శాతం. కెటమిన్, పీసీపీ, డీఎంటీ, సాల్వియా కూడా అమెరికా లెక్కలో ఒకే గంపలో ఉంటాయి. గంజాయిని రెండు దేశాల్లోనూ విడిగానే లెక్కిస్తారు.

మన వైపు ఉమ్మెత్తను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రులలో ఒకటిగా పూజకు తెచ్చే ఆకే అది. దాని గింజల్లో, ఆకుల్లో అట్రోపిన్, స్కోపోలమిన్ ఉంటాయి. పొరపాటున తిన్నా, మత్తు కోసం తిన్నా నోరెండిపోతుంది, కనుపాపలు పెద్దవవుతాయి, ఒళ్లు కాలిపోతుంది, లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి, గుండె అదుపు తప్పుతుంది. ఇది సైకెడెలిక్ కాదు, విషం వల్ల వచ్చే సన్నిపాతం. ఎల్‌ఎస్‌డి తీసుకున్న మనిషికి తాను చూస్తున్నది మందు ప్రభావమేనన్న ఎరుక చాలావరకు ఉంటుంది. ఉమ్మెత్త తిన్నవాడికి అది ఉండదు. రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే వైద్యం కూడా తప్పుదారి పడుతుంది.

లెక్క ఎలా తీస్తారు

2019 నివేదిక కోసం 186 జిల్లాల్లో రెండు లక్షల పైచిలుకు ఇళ్లకు వెళ్లి 4,73,569 మందితో మాట్లాడారు. ప్రపంచంలో ఇంత పెద్ద మాదకద్రవ్య సర్వేలు చాలా తక్కువ. అయినా అరుదైన అలవాటును పట్టుకోవాలంటే ఆ సంఖ్య కూడా చిన్నదే. ఊరికే గుణించి చూడండి: 4,73,569లో 0.12 శాతమంటే ఆరు వందలకు లోపు మనుషులు. వాళ్లను అన్ని రాష్ట్రాలకూ కేంద్రపాలిత ప్రాంతాలకూ పంచితే ఒక్కో చోటికి సగటున పదహారుగురు కూడా రారు. ఆ కొద్దిమంది మీద ఆధారపడి ఒక జిల్లా గురించి మాట్లాడలేం, ఒక మండలం గురించి అసలే మాట్లాడలేం.

పైగా ఇంటి అరుగు మీద కూర్చుని అడిగే ప్రశ్న ఇది. పల్లెలో సర్వే మనిషి వచ్చాడంటే పక్కింటివాళ్లు కూడా చేరతారు. తల్లి వాకిట్లో ఉండగా, తమ్ముడు గడపలో నిలబడి ఉండగా, నువ్వు ఫలానా మందు తీసుకున్నావా అంటే అవునని ఎవరంటారు? మద్యం గురించి ఒప్పుకునేవారు కూడా గంజాయి దగ్గర ఆగిపోతారు. అందుకే ఈ సర్వేలో రెండో మార్గం కూడా పట్టారు. అలవాటున్న ఒక మనిషిని కలిసి, తనకు తెలిసిన అలవాటున్నవారికి ఇవ్వమని కూపన్లు చేతిలో పెడతారు. వాళ్లు మరికొందరిని తెస్తారు. ఇలా 135 జిల్లాల్లో 70,293 మందిని కలిశారు. చికిత్సకు వెళ్లినవారి నిష్పత్తిని బట్టి మొత్తం సంఖ్యను అంచనా వేశారు. హెరాయిన్ వంటి వ్యసనాలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. ఎందుకంటే అవి వాడేవాళ్లు ఒకరికొకరు తెలిసి ఉంటారు, రోజూ సరుకు కోసం తిరుగుతారు. ఏడాదికి ఒకటి రెండు సార్లు ఎల్‌ఎస్‌డి తీసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఈ గొలుసులో పడడు, చికిత్సా కేంద్రానికీ వెళ్లడు.

సిగ్గును దాటించే మరో ఉపాయాన్ని స్టాన్లీ వార్నర్ 1965లో ప్రతిపాదించాడు. దాని సులువైన రూపం ఇది: నాణెం ఎగరేయమంటారు, బొమ్మ పడితే నిజం చెప్పాలి, బొరుసు పడితే నిజం ఏదైనా సరే అవును అనాలి. ఎవరు ఎందుకు అవునన్నారో అడిగినవాడికి తెలియదు, మొత్తం మీద శాతం మాత్రం తేలుతుంది. మద్యం వంటి అలవాటుకు ఇది పనికొస్తుంది. సైకెడెలిక్‌లకు పనికిరాదు. పదివేల మందిని ఇలా అడిగితే నాణెం ఒక్కటే దాదాపు ఐదు వేల అవునులు తెస్తుంది, అది కూడా యాభై అటూ ఇటూగా. నిజంగా వాడి నిజం చెప్పిన ఆరుగురు ఆ యాభైలో కొట్టుకుపోతారు.

గడువు ఎంత పెట్టారన్నది మరో చిక్కు. ఈ మందుల ప్రభావం రెండో రోజే తగ్గిపోతుంది. వరసగా తీసుకుంటే ఏమీ పట్టదు. కాబట్టి రోజూ వాడేవారు అరుదు. గత నెలలో వాడారా అని అడిగితే చాలామంది జారిపోతారు, గత ఏడాదిలో అని అడిగితే దొరుకుతారు. జీవితంలో ఎప్పుడైనా అని అడిగితే సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. అమెరికాలో 2010 నాటి ప్రభుత్వ సర్వే ఆధారంగా 2013లో వెలువడిన ఒక పరిశోధన, జీవితంలో ఎప్పుడో ఒకసారి సైకెడెలిక్ తీసుకున్నవారు అక్కడ 3.2 కోట్ల మంది ఉంటారని లెక్కగట్టింది. పత్రికల్లో శాతం కనిపించినప్పుడు, ఎన్ని రోజుల్లో, ఏ వయసువారిలో, ఏ ఏ మందులు కలిపి అన్న మూడు ప్రశ్నలూ వేసుకోకుండా ముందుకు పోకూడదు.

భారతదేశంలో అంతకుముందు జరిగిన పెద్ద ఇంటింటి సర్వే 2000–2001 నాటిది, నివేదిక 2004లో వచ్చింది. అందులో 12 నుంచి 60 ఏళ్ల మగవాళ్లను, 40,697 మందిని అడిగారు. ఆడవాళ్లను అడగలేదు. మద్యం 21.4 శాతం, గంజాయి కుటుంబం 3 శాతం, నల్లమందు కుటుంబం 0.7 శాతం తేలాయి. సైకెడెలిక్‌లు అప్పటి చర్చలో పెద్దగా లేవు. ఈ రెండు సర్వేల మధ్య దాదాపు పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఈ పద్దెనిమిదేళ్లలోనే సెల్‌ఫోను, ఇంటర్నెట్, కొరియర్ మన ఊళ్లకు వచ్చాయి.

నెమలి, తిరువూరు ప్రాంతం

నెమలి పేరు చెప్పగానే వేణుగోపాలస్వామి ఆలయం గుర్తొస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా ఊరు కృష్ణా జిల్లాలో ఉండేది. తిరువూరు శాసనసభ నియోజకవర్గంలోది, ఖమ్మం జిల్లా సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. చుట్టుపక్కల పత్తి, మిరప, వరి, మామిడి తోటలు. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ వైపు వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతానికి ప్రధాన దారి.

ఐదు వేల మంది పెద్దలున్న ఊరు ఒకటి ఊహించుకుని దేశ సగటును దాని మీద రుద్దితే, ఆరుగురు గత ఏడాది భ్రాంతి మందు తీసుకున్నట్టు లెక్క వస్తుంది. ఆ లెక్క తప్పు. దేశ సగటులోని లక్షల మంది హైదరాబాదు, బెంగళూరు, ముంబయి, ఢిల్లీ, గోవా వంటి చోట్ల, ఎక్కువగా చదువుకున్న యువకుల్లో, డబ్బున్న వర్గాల్లో ఉంటారని అనుకోవచ్చు. మిరప తోటలో కూలికి వెళ్లే నడివయసు మనిషికి ఎల్‌ఎస్‌డి బ్లాటు చేరే దారి దాదాపు లేదు. అదే ఊరి నుంచి హైదరాబాదు హాస్టల్‌కో, బెంగళూరు గదికో వెళ్లిన ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఉంది. సర్వే ఆ కుర్రాణ్ణి ఎక్కడ లెక్కించింది? ఇంటింటి సర్వేలు ఇళ్లలో ఉన్నవారిని అడుగుతాయి, హాస్టళ్లు వాటిలో సరిగ్గా పడవు. ఊళ్లో అమ్మానాన్నలు తమ ఊరి లెక్కలోనివాడే అనుకునే పిల్లవాడు ఊరి లెక్కలోనూ లేడు, నగరం లెక్కలోనూ లేడు. పల్లెల విషయంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

పట్టుబడిన సరుకును బట్టి వాడకాన్ని ఊహించడం మరో పొరపాటు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. విశాఖ మన్యంలో, ఒడిశా సరిహద్దులో 'పరివర్తన' పేరిట జరిగిన దాడుల్లోనూ, అంతకుముందు కేసుల్లోనూ స్వాధీనం చేసుకున్నది అది. అంత గంజాయి మన రాష్ట్రంలో తాగడానికి పండింది కాదు. ఎక్కువభాగం ఇతర రాష్ట్రాలకు లారీల్లో, రైళ్లలో పోయేది. రోడ్డు మీద దొరికిన బస్తాను బట్టి రోడ్డు పక్కన ఊరి అలవాటు చెప్పలేం. తిరువూరు దారిలో బండి ఆపి సరుకు పట్టుకున్నారన్న వార్త చదివి తిరువూరు కుర్రాళ్లంతా గంజాయికి బానిసలని మాట్లాడేవాళ్లు ఆ పిల్లలకు అన్యాయం చేస్తున్నారు.

ఈ ప్రాంతపు పెద్దలలో మత్తు అంటే మొదట మద్యమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు ఇవన్నీ మన ఆడవాళ్లకు తెలిసిన చరిత్ర. ఏ ఇంట్లో ఎవరు ఎంత తాగుతున్నారో ఏ సర్వే కన్నా ముందు, ఏ సర్వే కన్నా కచ్చితంగా ఆ స్త్రీలకు తెలుసు. మత్తు లెక్కలు తీసేవారు ఇప్పటికీ ఇంటి ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడిగితే ఎన్నో తేలుతాయని నా నమ్మకం.

సరిహద్దు అవతల తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవారు 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం అని 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అక్కడ కల్లు సంగతి వేరే చెప్పాలి. చెట్టు కల్లు చాలని చోట డైజోఫాం, అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన మందు కల్లు అమ్మేవారు. 2015 సెప్టెంబరులో నిజామాబాదు, మెదక్ జిల్లాల్లో అధికారులు దానిపై విరుచుకుపడ్డాక, కల్తీ కల్లు దొరక్క వందలమంది వణుకుతో, మూర్ఛలతో, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు వచ్చారు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కిటకిటలాడింది. నిద్రమందుల వ్యసనం తమకుందని వాళ్లలో చాలామందికి ఆ రోజుదాకా తెలియదు. నువ్వు నిద్రమాత్రలు వాడతావా అని సర్వేలో అడిగితే లేదనే చెప్పి ఉండేవారు, అదీ నిజాయితీగానే. 2019 సర్వేలో నిద్రమందులు వాడేవారి సంఖ్య ఎక్కువగా ఉన్న ఐదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నల్లమందు కుటుంబపు మందులతో సమస్యలున్నవారు ఎక్కువగా ఉన్న కొద్ది రాష్ట్రాల్లోనూ దాని పేరుంది.

ఇక్కడ వైద్యులకూ కుటుంబాలకూ అక్కరకొచ్చే మాట ఒకటి ఉంది. పల్లె ఆసుపత్రికి ఎవరైనా లేనిపోనివి కనిపిస్తున్నాయంటూ వస్తే కారణం సైకెడెలిక్ అయ్యే అవకాశం చాలా తక్కువ. మద్యం మానేసి రెండు మూడు రోజులైందా అని ముందుగా అడగాలి. బాగా అలవాటుపడినవాడు ఒక్కసారిగా మానేస్తే 48 నుంచి 96 గంటల మధ్య వణుకు, జ్వరం, చెమటలు, పురుగులు పాకుతున్నట్టు భ్రాంతులు రావచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. దాన్ని గాలి సోకిందని తాయెత్తు కట్టినా, డ్రగ్స్ అని తిట్టినా విలువైన గంటలు వృథా అవుతాయి.

హైదరాబాదు

తెలుగువారిలో సైకెడెలిక్‌ల మాట ఇంటింటా వినిపించింది 2017 జూలైలో. తెలంగాణ ఎక్సైజ్ శాఖ హైదరాబాదులో ఎల్‌ఎస్‌డి, ఎండీఎంఏ అమ్ముతున్న ముఠాను పట్టుకుంది. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టర్ అకున్ సబర్వాల్ ఆధ్వర్యంలో ప్రత్యేక దర్యాప్తు బృందం ఏర్పడింది. సినిమా రంగంలోని పలువురిని పిలిచి ప్రశ్నించారు. టీవీ చానళ్లు రాత్రింబవళ్లు అదే చూపాయి. డార్క్ వెబ్‌లో ఆర్డర్ చేస్తే కొరియర్ కవర్లలో బ్లాట్లు ఇంటికి వస్తాయన్న సంగతి సగటు తెలుగు తల్లిదండ్రులకు అప్పుడే తెలిసింది. పాఠశాల పిల్లల పేర్లు కూడా విచారణలో వచ్చాయన్న వార్తతో ఎందరో ఇళ్లలో నిద్రపోలేదు. ఆ వారాల్లో అందరూ సినిమావాళ్ల ముఖాలు చూశారు. వాడకం ఎంత, ఏ వయసులో అన్న ప్రశ్న మాత్రం వెనక్కిపోయింది.

ఆ తర్వాత హైదరాబాదు పోలీసులు 2022 ఫిబ్రవరిలో మాదకద్రవ్యాల కోసం ప్రత్యేక విభాగం పెట్టారు. 2023లో రాష్ట్ర స్థాయి బ్యూరో వచ్చింది, 2025 జూన్‌లో దాని పేరు ఈగల్‌గా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పేరుతో విభాగం 2024 నవంబరులో మొదలైంది. దేశస్థాయిలో 2023 జూన్‌లో నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో ఒకే ఆపరేషన్‌లో 14,961 ఎల్‌ఎస్‌డి బ్లాట్లు పట్టుకున్నట్టు ప్రకటించింది. క్రిప్టో చెల్లింపులతో, డార్క్ వెబ్‌లో నడిచిన వ్యాపారం అది. అంత పెద్ద పట్టివేతలోని సరుకు కూడా 2019 నివేదిక లెక్కగట్టిన పన్నెండు లక్షల మందికి పంచితే ఎనభై మందిలో ఒక్కరికి ఒక్క బ్లాటు వస్తుంది.

బ్లాటు పేరుతో అమ్మేది ప్రతిసారీ ఎల్‌ఎస్‌డి కాదు. 25ఐ-ఎన్‌బీఓఎంఈ వంటి కృత్రిమ రసాయనాలను అదే కాగితం మీద అద్ది అమ్ముతున్నారు. వాటి వల్ల పలు దేశాల్లో మరణాలు నమోదయ్యాయి. ఎల్‌ఎస్‌డికి శరీరం బానిస కావడం అరుదే. కానీ కుటుంబంలో మనోవ్యాధి చరిత్ర ఉన్నవారిలో అది వ్యాధిని బయటికి లాగవచ్చు. ప్రభావంలో ఉండి మేడ మీద నుంచి దూకడం, బండి నడపడం వంటి వాటితో ప్రమాదాలు జరగవచ్చు. తక్కువమంది వాడతారు కాబట్టి తక్కువ ప్రమాదం అనుకోవడానికి లేదు. ఆ తక్కువమందిలో మన పిల్లవాడు ఒకడైతే శాతాలు ఓదార్చవు.

చట్టం

మాదకద్రవ్యాల, మనోత్తేజక పదార్థాల చట్టం 1985 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. ఎల్‌ఎస్‌డికి చిన్న పరిమాణం 0.002 గ్రాము, వాణిజ్య పరిమాణం 0.1 గ్రాము. గంజాయికి అవే హద్దులు ఒక కిలో, 20 కిలోలు. వాణిజ్య పరిమాణం దాటితే కనీసం పదేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా.

ఇక్కడ కాగితం బరువు పెద్ద వివాదమైంది. ఒక బ్లాటులో 100 మైక్రోగ్రాముల మందు ఉందనుకుంటే 0.1 గ్రాము కావడానికి వెయ్యి బ్లాట్లు కావాలి. కాగితంతో కలిపి తూస్తే, ఒక్కో ముక్క 10 మిల్లీగ్రాములున్నా, పది ముక్కలతోనే ఆ హద్దు చేరిపోతుంది. అంటే ఒక విద్యార్థి జేబులో పది బ్లాట్లుంటే కాగితాన్ని తూయాలా వద్దా అన్నదాని మీద అతనికి పదేళ్ల శిక్ష పడుతుందా లేదా అన్నది ఆధారపడుతుంది. మత్తుమందులో కలిపిన ఇతర పదార్థాన్ని కూడా బరువులో చేర్చాలని సుప్రీంకోర్టు 2020లో హీరాసింగ్ కేసులో చెప్పింది. బ్లాటు కాగితాన్నీ చేర్చాలని బొంబాయి హైకోర్టు ధర్మాసనం 2023లో తేల్చింది. పుట్టగొడుగుల విషయంలో కేరళ హైకోర్టు 2025 జనవరిలో మరో దారిన వెళ్లింది. పుట్టగొడుగు సహజంగా పెరిగే శిలీంధ్రం, మిశ్రమం కాదు కాబట్టి దాని మొత్తం బరువును సిలోసైబిన్ బరువుగా లెక్కించలేమంటూ ఒక నిందితుడికి బెయిలు ఇచ్చింది.

ఇదే చట్టంలోని 64ఏ సెక్షన్ గురించి ఊళ్లలో తెలిసినవారు తక్కువ. మత్తుకు బానిసైన మనిషి, వాడినందుకో, చిన్న పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసు ఎదుర్కొంటూ, తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు ఒప్పుకుంటే అతన్ని విచారణ నుంచి మినహాయించడానికి అది వీలిస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. పిల్లవాడి దగ్గర ఏదో దొరికిందని తెలియగానే పరువు పోతుందని ఇంట్లో దాచేసే తల్లిదండ్రులకు ఈ సెక్షన్ సంగతి ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండును.

ఇతర దేశాలు, ప్రవాసం

అమెరికాలో 2023 ప్రభుత్వ సర్వే ప్రకారం 12 ఏళ్లు దాటినవారిలో గత ఏడాది భ్రాంతి మందు వాడినవారు 88 లక్షల మంది, అంటే 3.1 శాతం. మిషిగన్ విశ్వవిద్యాలయం చేసే దీర్ఘకాలిక అధ్యయనంలో 2022లో 19 నుంచి 30 ఏళ్లవారిలో 8 శాతం, 35 నుంచి 50 ఏళ్లవారిలో 4 శాతం తేలింది. ఆస్ట్రేలియాలో 2019లో 1.6 శాతం ఉన్నది 2022–23 నాటికి 2.4 శాతమైంది. భారత సంఖ్యతో వీటిని పక్కపక్కన పెట్టేముందు పైన చెప్పిన గంపల తేడా గుర్తుంచుకోవాలి. భారత సర్వేలో ఆంఫెటమిన్ గడిని కూడా కలుపుకున్నా 0.3 శాతం దాటదు. కాబట్టి తేడా నిజమైనదే, కానీ మొదటి చూపుకు కనిపించినంత పెద్దది కాదు.

పెరుగుదలకు కారణాల్లో ఒకటి వైద్య పరిశోధన. తగ్గని కుంగుబాటుకు సిలోసైబిన్, యుద్ధగాయాల వంటి మానసిక ఆఘాతాలకు ఎండీఎంఏ పనికొస్తాయేమోనని దశాబ్దంగా ప్రయోగాలు జరుగుతున్నాయి. ఆస్ట్రేలియా 2023 జూలై 1 నుంచి అనుమతి పొందిన మానసిక వైద్యుల ద్వారా వీటిని వాడనిస్తోంది. ఎండీఎంఏ చికిత్సకు అమెరికా ఔషధ సంస్థ 2024 ఆగస్టులో ఆమోదం నిరాకరించింది. ఆరెగాన్ రాష్ట్రంలో 2020లో, కొలరాడోలో 2022లో ఓటర్లు సిలోసైబిన్‌కు దారి తెరిచారు.

మన పిల్లలు వేలల్లో చదువుకోడానికి వెళ్తున్నది అమెరికాకే. అక్కడి సర్వేలు భాషను అడగవు, ఆసియన్లు అన్న గడిలో తెలుగువాళ్లనూ చైనీయులనూ ఫిలిప్పీన్స్‌వాళ్లనూ కలిపేస్తాయి. రాష్ట్రం అనుమతించినా సమాఖ్య చట్టంలో ఎల్‌ఎస్‌డి, సిలోసైబిన్ ఇంకా నిషిద్ధాలే. వీసా, గ్రీన్‌కార్డు వ్యవహారాలు సమాఖ్య చట్టం కింద నడుస్తాయి. కొలరాడోలో స్నేహితుడికి తప్పుకాని పని విద్యార్థి వీసా మీదున్నవాడికి దేశం విడిచి రావాల్సిన పరిస్థితి తేవచ్చు. విమానం ఎక్కించేముందు ఆవకాయ సీసాతో పాటు ఈ మాట కూడా ఇచ్చి పంపాలి.

చికిత్స, సహాయం

2019 నివేదికలో సైకెడెలిక్ శాతం కన్నా ముందు చదవాల్సిన వాక్యం మద్యం గురించి ఉంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని అది చెప్పింది. దేశంలో మద్యానికి పూర్తిగా లొంగిపోయినవారు 2.7 శాతం, సుమారు 2.9 కోట్ల మంది. గంజాయి కుటుంబం వాడేవారు 2.8 శాతం. నల్లమందు కుటుంబం 2.1 శాతం. నిద్రమందులు 1.08 శాతం. పిల్లల్లో వాసన పీల్చే మత్తులు 1.17 శాతం, ఇది పెద్దవారి శాతానికి రెట్టింపు.

ప్రభుత్వ డీ-అడిక్షన్ కేంద్రాల వివరాలకు, సలహాకు జాతీయ ఉచిత నంబరు 14446. మత్తుమందుల అమ్మకం గురించి సమాచారం ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908. నెమలి వంటి ఊళ్లు సరిహద్దులో ఉంటాయి. వైద్యానికీ, చదువుకీ, సంతకీ ఇక్కడివారు రెండు రాష్ట్రాలకూ తిరుగుతారు. కాబట్టి ఆ రెండు నంబర్లూ పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి.